ఉత్తర తెలంగాణ చెరువుల్లో చేపల వేట: వాతావరణం, నీటి స్థితిగతులు

ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల చెరువులు, కుంటలు, ప్రాజెక్టు జలాశయాల్లో సాగే మంచినీటి చేపల వేటను ఈ వ్యాసం వివరిస్తుంది. వాన, ఎండ, చలి, గాలి, వరద, నీటిమట్టంలో వచ్చే మార్పులు చేపల నడకను, వాటిని పట్టే పద్ధతులను ఎలా నిర్ణయిస్తాయన్నది ప్రధాన విషయం. 2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్విభజన తరువాత ఈ ప్రాంతంలో అధిక భాగం కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల, ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాల్లో ఉంది.

నిర్వచనం, పరిధి

కట్ట వేసి నిలిపిన మంచినీటిలో సహజంగా పెరిగిన చేపలను, పిల్లలుగా వదిలి పెంచిన చేపలను వల, గాలం, బుట్ట వంటి సాధనాలతో పట్టడాన్ని చెరువు చేపల వేట అంటారు. దాణా వేసి, ఎరువులు చల్లి, ప్రత్యేకంగా తవ్విన గుంటల్లో చేసే చేపల సాగు దీనికి భిన్నమైనది. ఉత్తర తెలంగాణలో ఎక్కువగా కనిపించేది ఈ రెండింటికీ మధ్యస్థమైన పద్ధతి. వానకాలంలో చెరువులో చేపపిల్లలను వదులుతారు. అవి నీటిలో సహజంగా దొరికే మేత తిని పెరుగుతాయి. నీళ్లు తగ్గే కాలంలో వాటిని పడతారు. పెంపకం కొంత మనిషి చేతిలో ఉన్నా, ఫలితం చాలావరకు ఆ ఏటి వాన మీద, చెరువులో నీరు నిలిచిన కాలం మీద ఆధారపడుతుంది.

భౌగోళిక నేపథ్యం

ఈ ప్రాంతమంతా గోదావరి పరీవాహకంలోనిది. దక్షిణాన మానేరు, ఉత్తరాన కడెం, పెద్దవాగు, పెన్‌గంగ, ప్రాణహిత ముఖ్యమైన ఉపనదులు. వార్షిక వర్షంలో దాదాపు ఐదింట నాలుగు వంతులు జూన్ నుంచి సెప్టెంబరు వరకు వీచే నైరుతి ఋతుపవనాల వల్లనే కురుస్తుంది. అడవులు, గుట్టలు ఎక్కువగా ఉన్న ఆదిలాబాద్ వైపు వాన ఎక్కువ. అక్కడి వాగులు గంటల వ్యవధిలోనే పొంగి, అంతే వేగంగా తగ్గుతాయి.

నీటి స్వభావాన్ని నేల కూడా మారుస్తుంది. ఆదిలాబాద్ పడమటి భాగంలోని నల్లరేగడి నేలల నుంచి వచ్చే వరద సన్నని మట్టిని మోసుకొస్తుంది. ఆ నీరు తేరుకోవడానికి చాలా రోజులు పడుతుంది. కరీంనగర్ వైపు గ్రానైటు రాతి నేలలు, ఎర్ర చెలకలు ఎక్కువ. అక్కడి చెరువుల్లో వాన పడిన తొలిరోజుల్లో నీరు ఎర్రబారినా ఇసుక పాలు త్వరగా అడుగుకు దిగుతుంది.

ఉష్ణోగ్రతల్లో తేడా కూడా ఈ ప్రాంతంలో తీవ్రం. మే నెలలో రామగుండం, జగిత్యాల, మంచిర్యాల ప్రాంతాల్లో పగటి వేడి 45 డిగ్రీల సెల్సియస్ దాటే రోజులుంటాయి. డిసెంబరు, జనవరి నెలల్లో సిర్పూర్ (యు), తిర్యాణి వంటి చోట్ల రాత్రి ఉష్ణోగ్రత 5 డిగ్రీల దరిదాపులకు పడిపోతుంది.

చరిత్ర

తెలంగాణలో గొలుసుకట్టు చెరువుల నిర్మాణం కాకతీయుల కాలంలో విస్తరించింది. పై చెరువు నిండి మత్తడి (అలుగు) దుంకితే ఆ నీరు కింది చెరువుకు చేరే ఈ ఏర్పాటు సాగునీటికే కాక చేపలకూ దారి అయింది. వరదతో పాటు చేపలు ఒక చెరువు నుంచి మరొక చెరువుకు చేరేవి. వాగుల నుంచి ఎదురెక్కి వచ్చేవి. చేపపిల్లలను కొని వదిలే పద్ధతి లేని రోజుల్లో చెరువుకు చేపలు చేరిన ముఖ్యమైన దారి ఇదే.

20వ శతాబ్దంలో పెద్ద జలాశయాలు వచ్చాయి. మానేరు నదిపై నర్మాల వద్ద ఎగువ మానేరు నిజాం కాలంలో నిర్మితమైంది. కడెం ఆనకట్ట నిర్మాణ దశలోనే 1958 ఆగస్టు వరదకు తెగింది. తరువాత గేట్లతో పునర్నిర్మించారు. పోచంపాడు వద్ద శ్రీరాంసాగర్ ప్రాజెక్టుకు 1963 జూలై 26న అప్పటి ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేశారు. కరీంనగర్ పట్టణానికి ఆనుకొని ఉన్న దిగువ మానేరు 1974–85 మధ్య నిర్మితమైంది.

చేపల పెంపకంలో పెద్ద మలుపు 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో వచ్చింది. ఆ రోజు శాస్త్రవేత్త హీరాలాల్ చౌధురి హార్మోన్ల ప్రేరణతో కార్పు చేపల చేత గుడ్లు పెట్టించారు. కార్పు జాతులైన బొచ్చె, రవ్వు, మోసు చేపలు నిలవనీటిలో సహజంగా గుడ్లు పెట్టవు. వాటికి ఋతుపవన కాలపు పారే వరద కావాలి. ఈ ప్రయోగం తరువాత పిల్లల కోసం నదుల మీదే ఆధారపడే అవసరం తప్పింది. కరీంనగర్‌లో దిగువ మానేరు కింద, కడెంలో, పోచంపాడులో చేపపిల్లల ఉత్పత్తి కేంద్రాలు ఏర్పడ్డాయి. జూలై 10ని దేశంలో జాతీయ మత్స్య రైతుల దినోత్సవంగా పాటిస్తున్నారు.

తెలంగాణ ఏర్పడ్డాక 2015లో మిషన్ కాకతీయ పేరుతో చెరువుల పూడికతీత మొదలైంది. 2016–17 నుంచి పూర్తి రాయితీపై చేపపిల్లల పంపిణీ, మరుసటి ఏడు నుంచి మంచినీటి రొయ్య పిల్లల పంపిణీ సాగాయి. 2019 జూన్ 21న ప్రారంభమైన కాళేశ్వరం ఎత్తిపోతల పథకం ఈ ప్రాంత జలాశయాల నీటిమట్టాలపై కొత్త ప్రభావం చూపింది (చూ. నీటిమట్టం).

జలవనరుల రకాలు

కుంటలు, వర్షాధార చెరువులు: ఏడాదిలో ఆరు నుంచి తొమ్మిది నెలలు నీరుంటుంది. ఆగస్టు, సెప్టెంబరుల్లో పిల్లలను వదిలి, మార్చి నుంచి జూన్ లోపు పట్టేస్తారు. వీటిలో 35–40 మిల్లీమీటర్ల పిల్లలను వదలడం రివాజు.

ఏడాది పొడవునా నీరుండే చెరువులు: కాలువ నీరు అందే ఆయకట్టు చెరువులు ఈ కోవలోనివి. చేప రెండో ఏడు కూడా పెరిగే వీలుంటుంది. పట్టడం మాత్రం కష్టం.

పెద్ద జలాశయాలు: దిగువ మానేరు (24 టీఎంసీలు), మధ్య మానేరు (27.5 టీఎంసీలు), శ్రీపాద ఎల్లంపల్లి (20.17 టీఎంసీలు), కడెం (7.6 టీఎంసీలు), ఆడ గ్రామం వద్ద కుమురం భీం ప్రాజెక్టు (10 టీఎంసీలు) ముఖ్యమైనవి. ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు, అంటే దాదాపు 2.83 కోట్ల ఘనపు మీటర్లు. వీటిలో వాలుగ వంటి వేటాడే చేపలు ఉంటాయి కాబట్టి 80–100 మిల్లీమీటర్ల పెద్ద పిల్లలను వదులుతారు.

మధ్యతరహా వాగు ప్రాజెక్టులు: సాత్నాల, మత్తడివాగు, స్వర్ణ, భైంసా వద్ద సుద్దవాగు, వట్టివాగు వంటివి. వాగు వచ్చినప్పుడు ఒక్కసారిగా నిండి, యాసంగి పంటకు నీరు వదిలాక అడుగంటే స్వభావం వీటిది.

చేప జాతులు

పెంపకపు జాతులు. బొచ్చె నీటి పైభాగంలో, రవ్వు మధ్యభాగంలో, మోసు అడుగున మేస్తాయి. మూడింటినీ కలిపి వదిలితే చెరువులోని మేత అంతా వినియోగానికి వస్తుంది. వీటికి తోడు బంగారు తీగ, గడ్డిచేప కూడా వదులుతారు. బంగారు తీగ నిలవనీటిలోనే, నీటి మొక్కలకు గుడ్లను అంటించి పెడుతుంది.

సహజ జాతులు. కొర్రమీను తెలంగాణ రాష్ట్ర చేప. మార్పు, ఇంగిలికం, వాలుగ, జెల్ల, బొమ్మిడాయి, పరకలు ఇతర ముఖ్యజాతులు. కొర్రమీను, మార్పు, ఇంగిలికం మూడూ నీటిపైకి వచ్చి నేరుగా గాలి పీల్చుకోగలవు. అందుకే ప్రాణవాయువు తగ్గిన బురద నీటిలోనూ, వేసవిలో ఎండిపోయే కుంటల తడి మట్టిలోనూ కొంతకాలం బతుకుతాయి.

కొర్రమీను వానకాలంలో గట్టువార గడ్డి మధ్య జాగా చేసుకొని గుడ్లు పెడుతుంది. నారింజ రంగు పిల్లలు గుంపుగా నీటిపై కదులుతుంటే వాటి కింద తల్లిదండ్రులు కాపలా తిరుగుతాయి. ఆ గుంపును చూసి పెద్ద చేపను పడితే కాపలా లేని పిల్లలు జెల్లలకు, పక్షులకు ఆహారమవుతాయి.

బయటి జాతులు. తిలాపియా చాలా చెరువుల్లో స్థిరపడింది. ఆఫ్రికా మార్పు పెంపకాన్ని దేశంలో నిషేధించారు. అలంకరణ తొట్ల నుంచి బయటపడిన, ఒంటి నిండా గట్టి పలకలు, ముళ్లు ఉండే సక్కర్ చేప తెలుగు రాష్ట్రాల జలవనరుల్లో కనిపిస్తోంది. ఇది వలలో చిక్కితే వల చిరుగుతుంది. తినేందుకు ఎవరూ కొనరు.

నీటి స్థితిగతులు

ఉష్ణోగ్రత

చేప శరీర ఉష్ణోగ్రత నీటిని బట్టి మారుతుంది. కార్పు జాతులు 25–32 డిగ్రీల నీటిలో బాగా మేసి పెరుగుతాయి. చలికాలంలో నీరు చల్లబడితే మేత తగ్గి, కదలిక మందగించి, లోతుకు దిగుతాయి. మే నెలలో లోతు తక్కువ చెరువులు వేడెక్కితే పగలంతా చేప లోతట్టు గుంటల్లో, తూము దగ్గరి మడుగులో, చెట్ల నీడలో నిలుస్తుంది. పొద్దుగూకాక, తెల్లవారుజామున గట్టువారకు మేతకు వస్తుంది. వేసవిలో వలలు సాయంత్రం వేసి తెల్లవారకముందే తీయడానికి ఇదే కారణం. వేడి నీటిలో వలకు చిక్కి చచ్చిన చేప త్వరగా చెడిపోవడం రెండో కారణం.

ప్రాణవాయువు

నీరు వేడెక్కే కొద్దీ దానిలో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది. 20 డిగ్రీల వద్ద లీటరు నీటిలో గరిష్ఠంగా దాదాపు 9.1 మిల్లీగ్రాములు కరిగితే, 30 డిగ్రీల వద్ద 7.6, 35 డిగ్రీల వద్ద 6.9 మిల్లీగ్రాములే కరుగుతుంది. అదే సమయంలో వేడికి చేపకు ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది. లీటరుకు 5 మిల్లీగ్రాముల పైన ఉంటే కార్పు చేపలకు అనుకూలం. 3 కంటే తగ్గితే ఇబ్బంది మొదలవుతుంది.

పగలు నీటిలోని పచ్చని నాచు సూర్యకాంతితో ఆక్సిజన్‌ను విడుదల చేస్తుంది. రాత్రి నాచు, చేపలు, అడుగు బురదలోని సూక్ష్మజీవులు అన్నీ దానిని వాడుకుంటాయి. అందువల్ల ఆక్సిజన్ అతి తక్కువగా ఉండే వేళ తెల్లవారుజాము. రెండు మూడు రోజులు ముసురు పట్టి ఎండ పొడసూపకపోతే నాచు పని ఆగి లోటు పెరుగుతుంది.

దీని గుర్తులు గట్టు మీది నుంచే కనబడతాయి. చేపలు గుంపులుగా నీటిపైకి వచ్చి మూతులు బయటపెట్టి గుటకలు వేస్తాయి. మనిషి అడుగుల చప్పుడుకు కూడా లోపలికి మునగవు. రొయ్యలు గట్టు అంచుకు చేరతాయి. నత్తలు గడ్డి కాడలు పట్టుకొని పైకి పాకుతాయి. పొద్దెక్కి నాచు పని మొదలయ్యాక చేపలు లోపలికి దిగితే ఆ రోజుకు గండం గడిచినట్టే. చిన్న చెరువుల్లో వెంటనే చేసే ఉపాయాలు మూడు: కాలువ నుంచి కొత్త నీరు పెట్టడం, మోటారుతో చెరువు నీటినే ఎత్తి పైనుంచి చిమ్మించడం, పెద్ద చేపలను పట్టి మంద తగ్గించడం.

నీటి పొరల తిరగబాటు

వేసవిలో పైపొర వేడెక్కి తేలికపడుతుంది. కింద చల్లని, బరువైన నీరు కదలకుండా ఉంటుంది. పైనుంచి గాలి అందక ఆ పొరలో ఆక్సిజన్ తరిగి, కుళ్లిన ఆకు అలముల నుంచి వచ్చే హానికర వాయువులు పోగవుతాయి. మే, జూన్‌లలో ఈదురుగాలితో పెద్ద వాన పడితే పైపొర ఒక్కసారిగా చల్లబడి రెండు పొరలూ కలిసిపోతాయి. అప్పుడు చెరువంతా ఆక్సిజన్ పడిపోయి, ఒక్క రాత్రిలో చేపలు చచ్చి తేలవచ్చు. ఊళ్లలో దీనిని తరచు విషప్రయోగంగా అనుమానిస్తారు. ఒకే జాతి కాక పలు జాతులు తేలడం, పెద్ద చేపలు ముందు చనిపోవడం, గాలి పీల్చే కొర్రమీను, మార్పు బతికి ఉండడం ఆక్సిజన్ లోపానికి గుర్తులు. తుది నిర్ధారణ నీటి పరీక్షతోనే జరుగుతుంది.

బురద, నీటి తేట

కొత్త వరద నీరు గోధుమరంగులో ఉన్నప్పుడు చేపకు వల కనబడదు. నిలువుగా కట్టే సన్నని తంగూసు వలకు అప్పుడు చిక్కుడు ఎక్కువ. కంటిచూపుతో ఎరను వెతికే చేపలు మాత్రం గాలానికి తక్కువగా వస్తాయి. వాసనతో, మీసాలతో వెతికే జెల్ల, మార్పు వంటివి బురదలోనూ ఎరను పట్టుకుంటాయి. కాబట్టి బురద నీటిలో గాలానికి ఎర్రలు, అంటే వానపాములు, అనువైన ఎర. పెంపకానికి మంచి చెరువులో తెలుపు–నలుపు పళ్లెం ముంచితే 30–40 సెంటీమీటర్ల లోతు వరకు కనబడాలి. అంతకన్నా బాగా తక్కువ లోతులోనే మరుగైతే నాచు గాని మట్టి గాని ఎక్కువైనట్టు. బాగా ఎక్కువ లోతు వరకు కనిపిస్తే చేపకు మేత తక్కువున్నట్టు.

నీటిమట్టం

జలాశయంలో వేటను అన్నిటికన్నా ఎక్కువగా శాసించేది నీటిమట్టమే. నీరు పెరిగేటప్పుడు కొత్తగా మునిగిన శిఖం (చెరువు గర్భపు) భూముల గడ్డి, పురుగులు మేతగా దొరికి చేపలు గట్టువారకు పరచుకుంటాయి. పెద్ద విస్తీర్ణంలో చెదిరిపోవడం వల్ల వలకు తక్కువగా పడతాయి. నీరు తగ్గేటప్పుడు పాత వాగు గర్భంలోకి, లోతు గుంటల్లోకి చేరతాయి. ఫిబ్రవరి నుంచి మే వరకు దిగుబడి పెరగడానికి ఇదే మూలం.

ఈ ప్రాంతంలో నీటిమట్టం స్థానిక వానను మాత్రమే అనుసరించదు. దిగువ మానేరుకు సొంత పరీవాహకంతో పాటు శ్రీరాంసాగర్ నుంచి కాకతీయ కాలువ ద్వారా నీరొస్తుంది. కరీంనగర్‌లో చినుకు లేకపోయినా ఎగువన మహారాష్ట్రలో కురిసిన వాన ఇక్కడి మట్టాన్ని పెంచగలదు. కాళేశ్వరం పథకంలో ఎల్లంపల్లి నుంచి మధ్య మానేరుకు పంపులతో నీరెత్తే ఏర్పాటు వచ్చాక మరో మార్పు వచ్చింది. పంపు నడిచే రోజుల్లో మట్టం పెరుగుతుంది, ఆగితే నిలుస్తుంది. 2023 అక్టోబరు 21న మేడిగడ్డ బ్యారేజీ పియర్లు కుంగాక మేడిగడ్డ, అన్నారం, సుందిళ్ల బ్యారేజీల్లో నీటి నిల్వ ఆపేశారు. వాటి వెనుక కొత్తగా ఏర్పడిన వేట ప్రాంతాలు తిరిగి పారే నదిగా మారాయి.

తాగునీటి కోసం జలాశయాల్లో కొంత మట్టం నిలిపి ఉంచే నియమం చేపకూ ఉపయోగపడుతుంది. ఆ నీటిలోనే పెద్ద చేపలు వేసవి దాటి వచ్చే వానకాలంలో గుడ్లు పెడతాయి.

గాలి, వెన్నెల

విశాల జలాశయాల్లో గాలి వీచిన దిక్కు గట్టుకు పైపొర నీటితో పాటు సూక్ష్మజీవుల మేత కొట్టుకొస్తుంది. దాని వెంట బొచ్చె వస్తుంది. అందుకే గాలి దిక్కు చూసి వల జాగా మారుస్తారు. నిండు వెన్నెల రాత్రుల్లో నీరు తేటగా ఉంటే చేప వలను తప్పించుకుంటుందని, అమావాస్య దరి రాత్రులు మేలని జాలరుల అనుభవం. వాతావరణ పీడనం పడిపోతే చేప మేత మానుతుందన్న నమ్మకం గాలం వేసేవారిలో ప్రపంచమంతటా ఉంది. పీడనంతో పాటే గాలి, వెలుతురు, ఉష్ణోగ్రత కూడా మారతాయి కాబట్టి దాని ఒక్కదాని ప్రభావాన్ని విడదీసి చెప్పడం కష్టం.

ఋతుచక్రం

మృగశిర కార్తె నుంచి ఆశ్లేష దాకా (జూన్–ఆగస్టు): జూన్ 8 ప్రాంతంలో వచ్చే మృగశిరను ఊళ్లలో మిరుగు అంటారు. ఆ రోజు చేప తినడం తెలంగాణ అంతటా ఆచారం. అందువల్ల మే చివరి నుంచే చెరువుల్లో పట్టుబడి పెరిగి, ధర ఏడాదిలోకెల్లా ఎక్కువగా పలుకుతుంది. తొలి వరదకు వాగుల్లో చేపలు ఎదురెక్కుతాయి. మత్తడి దుంకే చోట, కాలువ మొగల్లో అవి గుంపుగా చేరతాయి. ఈ దశలో కడుపులో గుడ్లున్న చేపలే ఎక్కువ. సంతానోత్పత్తి కాలం కావడంతో జూలై, ఆగస్టుల్లో జలాశయాల్లో వేటకు విరామం పాటిస్తారు.

మఖ నుంచి స్వాతి దాకా (ఆగస్టు–అక్టోబరు): చెరువులు నిండి, నీరు తేరుకొనే కాలం. చేపపిల్లలను వదిలేది ఇప్పుడే. సంచుల్లో వచ్చిన పిల్లలను నేరుగా ఒంపకూడదు. సంచిని చెరువు నీటిపై కొంతసేపు తేలనిచ్చి, రెండు నీళ్ల ఉష్ణోగ్రత సమానమయ్యాక మెల్లగా వదలాలి. పెద్ద వానకు ముందు వదిలితే పిల్లలు మత్తడి మీదుగా కొట్టుకుపోతాయి. అందుకని మత్తడికి జాలీ కడతారు.

చలికాలం (నవంబరు–ఫిబ్రవరి): చేప పెరుగుదల మందగిస్తుంది. నీరు చల్లబడినప్పుడు వ్రణాల వ్యాధి సోకే అవకాశం ఎక్కువ. ఒంటిపై ఎర్రమచ్చలు, తరువాత పుండ్లు దీని లక్షణాలు. కొర్రమీను, మోసు త్వరగా గురవుతాయి. సున్నం చల్లడం, భువనేశ్వర్‌లోని కేంద్ర మంచినీటి జలచరాల సంస్థ రూపొందించిన సిఫాక్స్ మందు వాడడం తెలిసిన నివారణలు. పగలు ఎండ ఎక్కాకే చేప కదులుతుంది కాబట్టి మధ్యాహ్నపు వేట మేలు.

వేసవి (మార్చి–జూన్ ఆరంభం): నీరు తగ్గి ప్రధాన పట్టుబడి సాగే కాలం. సంఘం సభ్యులంతా కలిసి పెద్దవల లాగుతారు. పొద్దు పొడిచే లోపు చేప సంతకు చేరాలి కాబట్టి పని అర్ధరాత్రి దాటాకే మొదలవుతుంది.

వేట సాధనాలు

విసురు వల ఒక్కరే వాడేది. నడుము లోతు నీటిలో, గట్టువార, మత్తడి కింద అనువైనది. తంగూసు నిలువు వల జలాశయాల్లో ముఖ్య సాధనం. పైతాడుకు బెండ్లు, కిందితాడుకు సీసం గుండ్లు కట్టి సాయంత్రం నిలిపి, తెల్లవారుజామున తీస్తారు. బెండ్లు తక్కువ, గుండ్లు ఎక్కువ కడితే వల అడుగున నిలిచి మోసు, వాలుగ పడతాయి. తేలిక చేస్తే పైభాగంలో బొచ్చె పడుతుంది. నీటిమట్టం రోజూ మారే కాలంలో ఈ బరువును సరిచూసుకోవాలి. లేదంటే రాత్రి నీరు తగ్గి వల బురదలో కూలుతుంది.

లాగుడు వల మోడులు, రాళ్లు లేని సమతలపు చెరువుల్లోనే సాగుతుంది. చెట్లు కొట్టకుండా నింపిన జలాశయాల్లో వల చిరుగుతుంది. గాలం, వరుస గాలాల తాడు వాలుగ, కొర్రమీను, జెల్లలకు వాడతారు. వెదురు బుట్టలు పారే నీటి మొగల్లో పెడతారు. నీటిపై తిరగడానికి నాటు పడవ, పుట్టి, థర్మాకోల్ తెప్ప, గాలి నింపిన ట్యూబు వాడుకలో ఉన్నాయి.

పెద్ద జలాశయాల్లో తేలే పంజరాల్లో తిలాపియా వంటి చేపలను దాణాతో పెంచే పద్ధతి కూడా వచ్చింది. పంజరంలోని చేప లోతుకు, దూరానికి తప్పించుకోలేదు. కాబట్టి పొరల తిరగబాటు, మట్టం పడిపోవడం దానికి ఎక్కువ ప్రమాదం (చూ. నీటి పొరల తిరగబాటు).

సంస్థలు, హక్కులు

చెరువుల్లో చేపలు పట్టే హక్కును సాధారణంగా మత్స్యశాఖ ద్వారా స్థానిక మత్స్యపారిశ్రామిక సహకార సంఘాలకు లీజుకిస్తారు. పెద్ద జలాశయాల్లో వ్యక్తిగత లైసెన్సు పద్ధతి ఉంది. గంగపుత్ర (బెస్త), ముదిరాజ్ కులాల కుటుంబాలు ఈ వృత్తిపై ఎక్కువగా ఆధారపడతాయి. సంఘ సభ్యత్వం, చెరువులపై హక్కుల విషయంలో రెండు వర్గాల మధ్య భిన్నాభిప్రాయాలు కొనసాగుతున్నాయి. చేపలను సంతలో, ఇంటింటా అమ్మే పనిలో మహిళల పాత్ర పెద్దది. హైదరాబాద్ కేంద్రంగా 2006లో ఏర్పడిన జాతీయ మత్స్య అభివృద్ధి మండలి, 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన శిక్షణ, శీతల నిల్వ, పంజరాల సాగు, ప్రమాద బీమాకు తోడ్పడుతున్నాయి.

కడెం పరిసరాలు 2012లో ప్రకటించిన కవ్వాల్ పులుల అభయారణ్యానికి ఆనుకొని ఉన్నాయి. అభయారణ్యం లోపలి నీటివనరుల్లో అటవీశాఖ ఆంక్షలు వర్తిస్తాయి. మంథని, మంచిర్యాల మధ్య గోదావరి వెంట ఉన్న శివ్వారం అభయారణ్యం మొసళ్ల రక్షణకు ఏర్పడింది. అక్కడి మడుగుల్లో వలలు వేయడం మొసలికీ మనిషికీ ప్రమాదమే.

ప్రమాదాలు, భద్రత

వరద. 2022 జూలైలో కడెం జలాశయానికి 5 లక్షల క్యూసెక్కులకు మించి వరద వచ్చింది. 18 గేట్లు వదలగలిగేది దాదాపు 3 లక్షల క్యూసెక్కులే కావడంతో నీరు ఆనకట్టపై నుంచి పొర్లింది. ఇలాంటి వేళ జలాశయంలోనే కాక దిగువ వాగులో వేట కూడా ప్రాణాంతకం. గేట్లు ఎత్తే ముందు మోగించే సైరన్ వినగానే నది గర్భం నుంచి బయటికి రావాలి. గేట్లు మూశాక గుంటల్లో చిక్కిన చేపల కోసం దిగేవారు కూడా రెండో విడత నీటికి చిక్కుకుంటారు.

పిడుగు. ఏప్రిల్–జూన్ మధ్య సాయంత్రపు గాలివానల్లో, మళ్లీ సెప్టెంబరు, అక్టోబరుల్లో పిడుగులు ఎక్కువ. విశాలమైన నీటిపై మనిషే ఎత్తైన వస్తువు అవుతాడు. ఉరుము వినిపించగానే ఒడ్డుకు చేరాలి, ఒంటరి చెట్టు కింద నిలవకూడదు. పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ రూపొందించిన దామిని యాప్ దగ్గరలోని పిడుగుల సమాచారం ఇస్తుంది.

గాలి, బురద. ఈదురుగాలికి మధ్య మానేరు వంటి జలాశయాల్లో అలలు లేచి తెప్పలు తిరగబడతాయి. పూడిక నిండిన చెరువుల్లో పైకి గట్టిగా కనిపించే ఒండ్రులో కాలు దిగబడుతుంది. ఒంటరిగా దిగకపోవడం, గాలి నింపిన ట్యూబు గాని లైఫ్ జాకెట్ గాని దగ్గరుంచుకోవడం, వల తాడును చేతికి చుట్టుకోకపోవడం ప్రాథమిక జాగ్రత్తలు.

మారుతున్న పరిస్థితులు

దేశవ్యాప్తంగా 2014లో 12 శాతం, 2015లో 14 శాతం నైరుతి వర్షం తగ్గింది. వరుసగా రెండేళ్లు కరువు వస్తే కుంటల్లో పిల్లలను వదలడానికే నీరుండదు. జలాశయాల్లో మిగిలిన తల్లి చేపలు కూడా పట్టుబడిపోతాయి. మరోవైపు 2022, 2023 జూలై నెలల్లో వచ్చినట్టి కుండపోత వానలకు చెరువులకు గండ్లు పడితే పెంచిన చేప అంతా వాగుల పాలవుతుంది. ఒకే పదేళ్లలో రెండు విపరీతాలూ ఈ ప్రాంతం చూసింది.

పూడిక మరో సమస్య. శ్రీరాంసాగర్ తొలి నిల్వ సామర్థ్యం 112 టీఎంసీలు. ఒండ్రు చేరడంతో ఇప్పుడు 80.5 టీఎంసీలుగా లెక్కిస్తున్నారు. లోతు తగ్గిన నీరు త్వరగా వేడెక్కుతుంది, వేసవిలో చేపకు ఆశ్రయం తగ్గుతుంది. పట్టణాల మురుగు, పొలాల నుంచి కొట్టుకొచ్చే ఎరువుల వల్ల నాచు, గుర్రపుడెక్క పెరిగి తెల్లవారుజామున ఆక్సిజన్ లోటును పెంచుతాయి (చూ. ప్రాణవాయువు). ఎత్తిపోతల నీటితో వేసవిలోనూ నిండుగా ఉండే చెరువుల్లో చేప బతుకుతుంది గాని, పెద్దవల లాగే లోతుకు నీరు తగ్గక పట్టుబడి వాయిదా పడుతుంది. పాత వేట క్యాలెండరు అక్కడ పనిచేయదు. సన్నకన్ను వలలు, విద్యుత్ షాక్, మందు కలిపి పట్టడం పిల్లలతో సహా అన్నింటినీ చంపుతాయి. ఇవి చట్టవిరుద్ధం.

ప్రాముఖ్యం

చెరువు చేప ఈ జిల్లాల్లో సాగునీటికి అదనపు ఫలం. అదే నీరు పొలానికి పారుతూ, తాగడానికి అందుతూ, వేల కుటుంబాలకు జీవనాధారమైన చేపను కూడా పెంచుతుంది. ఈ చేప పిల్లలకు, బాలింతలకు చవకగా మాంసకృత్తులను, ఎముకతో సహా తినే పరకల ద్వారా కాల్షియాన్ని అందిస్తుంది.

వాన ఎప్పుడు, ఎంత కురుస్తుందో జాలరి చేతిలో లేదు. గేటు ఎప్పుడు ఎత్తాలి, తూము ఎంత వదలాలి, పంపు ఎప్పుడు నడపాలి అన్నవి మాత్రం మనుషులు తీసుకునే నిర్ణయాలు. ఆ సమాచారం ముందుగా సంఘానికి చేరితే వలలు, చేపపిల్లలు, ప్రాణాలు మూడూ దక్కుతాయి. నీటిమట్టం, తెల్లవారుజామున నీటి ఉష్ణోగ్రత, నీటి తేట అనే మూడు కొలతలను ప్రతి సంఘం రోజూ పుస్తకంలో రాసి పెట్టుకోవాలి. కర్ర మీద గీతలు, ఒక థర్మామీటరు, ఒక తెలుపు–నలుపు పళ్లెం ఉంటే ఈ లెక్కకు చాలు.